గేటు దగ్గర కారు ఉండాలి

విశాఖపట్నంలో బుర్ర ఉన్న కుటుంబం ఏదంటే మాదేనని మేమే అందరికీ చెప్పుకుంటాం. మా పైడిరాజు మావయ్య ఉన్న ఒక్క లారీ అమ్మేసి నాలుగు పాత కార్లు కొన్నాడు. కొండవాలు కాలనీ గేటు దగ్గర బోర్డు పెట్టాడు. అక్కడ ఎవరైనా కారు అద్దెకి తీసుకుని, వాళ్ళే నడుపుకుంటూ వెళ్ళి, రైల్వే స్టేషను దగ్గర వదిలేయొచ్చు. సాయంత్రం రైలు దిగి మళ్ళీ కార్లో కాలనీకి రావచ్చు.

"డ్రైవర్లతో పన్లేదురా అల్లుడూ. కాలు మీద కాలేసుకుని కూర్చోడమే" అన్నాడు మావయ్య. కూర్చున్నాం కూడా.

తెల్లారేసరికి నాలుగు కార్లూ స్టేషనుకి పోయాయి. గేటు దగ్గర జనం మిగిలారు. కాలనీ సంఘం ప్రెసిడెంటు కామేశ్వరి మేడం ఫోన్ చేసి చివాట్లు పెట్టారు. ఆవిడ టీచరు, రోజూ రైల్లోనే బడికి వెళ్తారు.

మా ఇల్లు స్టేషను పక్కనే. ఇంకేముంది, నేనో కారు, మావయ్యో కారు తెచ్చి గేటు దగ్గర పెట్టాం. మిగతా రెండూ తేవాలంటే మళ్ళీ స్టేషనుకి వెళ్ళాలి. ఎలా వెళ్ళడం? ఎదురుగా రెండు కార్లున్నాయి. అంతే, జనం దగ్గరికొచ్చేలోపే ఎక్కి వెళ్ళిపోయాం. మధ్యాహ్నం దాకా తెచ్చాం, తీసుకెళ్ళాం. పెట్రోలు అయిపోయింది, గేటు మాత్రం ఖాళీగానే ఉంది.

"కార్లు నిలబడట్లేదంటే మనుషుల్నే కార్ల దగ్గరికి తెస్తే సరి" అంది సత్తెమ్మత్త. మా ఇంట్లో అందరికంటే తెలివి ఆవిడకే.

మర్నాడు కామేశ్వరి మేడంని కార్లో ఎక్కించుకుని స్టేషనుకి తెచ్చాం. మావయ్య ఇంకో కారు తాళం ఆవిడ చేతిలో పెట్టబోయాడు.

"ఇదిగోండి మేడం, మీ కారు."

"స్టేషనుకే వచ్చేశాను కదయ్యా. ఇప్పుడెందుకు?"

"నిన్న అడిగారు కదండి. తీసుకోవాల్సిందే."

తాళం పట్టుకుని ప్లాట్‌ఫాం చివరిదాకా వెంటపడ్డాడు. రైలు వెళ్ళిపోయింది.

"రేపు పొద్దున గేటు దగ్గర కారు ఉండాలి. లేదంటే మీ బోర్డు పీకేస్తాను" అన్నారావిడ.

బోర్డు పోతే మా కూడు పోయినట్టే. మాకు భయం వేసింది. సాయంత్రం జనం కాలనీకి తెచ్చిన నాలుగు కార్లూ రాత్రికి రాత్రే గేటు దగ్గర వరసగా పెట్టి, ముగ్గురం కాపలా కూర్చున్నాం. పొద్దున్నే మేడం వచ్చి ఎంతో సంతోషించి తలుపు మీద చెయ్యి వేశారు. మావయ్య అడ్డంగా నిలబడ్డాడు.

"తీసుకెళ్తే ఎలాగండి? ఇక్కడ ఉండాలన్నారు కదా."

అంతే. ఆవిడ బోర్డు పీకి మా చేతిలో పెట్టి, ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

మావయ్య నిజంగానే ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది. ఇంటికి పోదామని బోర్డు నెత్తిన పెట్టుకుని ఎండలో నడిచాం. కార్లు కదపలేదు. ఒకసారి గేటు ఖాళీగా ఉంచి మాట పోగొట్టుకున్నాం, మళ్ళీ పోగొట్టుకోవడం దేనికని.

బోర్డు మా గుమ్మం ముందు, స్టేషనుకి ఎదురుగా కట్టాం. సాయంత్రం కామేశ్వరి మేడం రైలు దిగారు. చేతిలో రెండు సంచులు, కాళ్ళు లాగుతున్నాయి కాబోలు. బోర్డు చూసి కోపం దిగమింగుకుని అడిగారు.

"ఇంటికెళ్ళాలి. కారుందా?"

మావయ్య మొహం వెలిగిపోయింది.

"ఒకటేటండి, నాలుగున్నాయి. అన్నీ మీ గేటు దగ్గరే. సంచులు ఇక్కడ పెట్టి, నడిచెళ్ళి ఒకటి తెచ్చుకోండి. హాయిగా కార్లో ఇంటికెళ్ళిపోదురుగాని."