పూజలో విప్పిన దుర్బీను

1958 అక్టోబరు 25, శనివారం. వాయుగుండం పట్టి మూడు రోజులుగా కురుస్తున్న ముసురు ఆ తెల్లవారుజామునే వెలిసింది. కాని కొండల మీంచి పొగమంచు దిగి, కాస్త దూరంలో ఉన్నది మనిషో మోడో తెలియకుండా కప్పేసింది. ఏజెన్సీ కొండల అంచున గుమ్మలపాడు అనే ఊళ్ళో, తాను మెచ్చిన వస్తువును ఇంకొకరు పరీక్షిస్తానంటే ఒళ్ళు మండిపోయే సాగి తిరుపతిరాజు అనే ఆసామి ఉండేవాడు. ఆ ఉదయం అతని చేతిలో తుపాకీ ఉంది. దానికి ఎదురుగా, పొదల అవతల, అతని బావమరిది రంగరాజు ప్రాణం ఉంది.

ఇది అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఆ రోజుల్లో లైసెన్సు ఉన్నవాడు వేటాడవచ్చు. ఇప్పుడు కూడదు, కూడకపోవడమే మంచిది. అడవిలో మృగాలు మిగలకుండా చేసినవాళ్ళలో తిరుపతిరాజు లాంటి వాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ గోడల మీది కొమ్ములకు ఈనాటికీ బూజు దులిపేవాళ్ళు లేరు. సరే, అది వేరే కోపం.

ఆ ఏడు ఒంటికోర అడవిపంది ఒకటి చోడి చేలల్లో, అంటే రాగి పైరులో, పడింది. అడ్డం వెళ్ళిన రైతు తొడ చీల్చింది. ఊరివాళ్ళు వచ్చి బంగారయ్యమ్మగారితో మొరపెట్టుకున్నారు. ఆవిడ తిరుపతిరాజుకు పెద్దమ్మ. పిల్లలు లేరు. భర్త పోయాక మామిడితోట, పెంకుటిల్లు, భర్త వాడిన తుపాకీ ఆవిడవే అయ్యాయి. అవన్నీ ఎప్పటికైనా తనవేనని తిరుపతిరాజు నమ్మకం. ఊరి నమ్మకం కూడా అదే.

"పందిని కొట్టరా" అంది ఆవిడ.

తిరుపతిరాజుకు అప్పటికే చత్వారం వచ్చింది. తుపాకీ వెనక గాడి, ముందు మొన, అవతల జంతువు, ఈ మూడూ ఒక్క వరసలో కంటికి ఆనడం లేదు. ఆ మాట ఒప్పుకుంటే వయసు ఒప్పుకున్నట్టే. అందుకని, "తుపాకీ పాతబడింది పెద్దమ్మా, గురిచూసే మొన అరిగిపోయింది" అన్నాడు. తుపాకీ మీద బిగించే దుర్బీను ఒకటి ఉంటే చాలన్నాడు. నిజానికి ఆ మాటలో తప్పులేదు. చత్వారం ఉన్నవాడికి దుర్బీను మంచి సాయం. దాని అద్దంలోని గీత, గురి రెండూ ఒకేచోట కనిపిస్తాయి. అవసరం నిజమే. కారణమే అబద్ధం.

బంగారయ్యమ్మగారు బావాబావమరుదుల్ని ఇద్దర్నీ మద్రాసు పంపింది. రంగరాజును ఎందుకు పంపిందంటే, వేటలో హాకా నడిపేది అతనే. డప్పులు కొట్టేవాళ్ళను వెంటబెట్టుకుని పొదల్లో దిగి జంతువును బయటికి తోలేవాడు. తుపాకీ పట్టినవాడు రాతి మీద కూర్చుంటాడు. హాకా నడిపేవాడు జంతువు దారిలో ఉంటాడు. ఆ దుర్బీను సరిగ్గా ఉండాలన్న పట్టుదల ఎవరికి ఎక్కువ ఉండాలో చెప్పనక్కరలేదు కదా.

అక్కడ తుపాకుల కొట్టువాడు రెండు దుర్బీనులు బల్ల మీద పెట్టాడు. ఒకటి పొట్టిది, నల్లటిది, నాలుగు రెట్లు పెద్దది చేసి చూపేది. రెండోది మూరెడు పొడవు, మెరుపు, పది రెట్లు. తిరుపతిరాజు పెద్దదాన్ని తీసుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో, గుమ్మంలో నిలబడి, వీధి చివర గడియారం వైపు చూశాడు.

"అబ్బ! ముల్లు కదలడం కనిపిస్తోందోయ్!"

"దొరగారి కన్నే కన్ను" అన్నాడు కొట్టువాడు.

రంగరాజు రెండూ పట్టుకుని కొట్టు వెనక చీకటి గదిలోకి వెళ్ళాడు. మూల ఉన్న గోనెసంచి మీది అక్షరాలు చిన్నదానిలో చదవగలిగాడు. పెద్దదానిలో మసక తప్ప ఏమీ లేదు. తరువాత వీధిలోకి వచ్చి, పోతున్న రిక్షాను చూడబోయాడు. చిన్నదానిలో రిక్షా, తొక్కేవాడు, పక్కన కుక్క అన్నీ కనిపించాయి. పెద్దదానిలో ఒక చొక్కా బొత్తాం కనిపించింది. అది ఎవరిదో తెలియలేదు.

"బావగారూ, పంది వచ్చేది గుడ్డివెలుతుర్లోనండి, అదీ దగ్గరగా. మనం కొట్టేది పొదలో పందిని, ఆకాశంలో చంద్రుణ్ణి కాదు. ఈ చిన్నది తీసుకోండి."

"నాలుగు రెట్లా? సాగివారి పరువు నాలుగు రెట్లేనటోయ్?"

"పరువు పందికి కనపడదండి."

"నోర్ముయ్. మీ ఊళ్ళో సైకిలు కొనేటప్పుడు చెబుదువుగాని సలహా."

రంగరాజు పళ్ళు బిగించాడు. ఇంకొకడైతే అక్కడే తేల్చేసేవాడు. కాని తిరుపతిరాజు ఇంట్లో అతని భార్యగా తన అక్క సుభద్రయ్యమ్మ ఉంది. ఇక్కడ అన్న మాటకు అక్కడ కూరలో ఉప్పు ఎక్కువైందని కంచం ఎగురుతుంది. అక్క మొహం గుర్తొచ్చి కోపాన్ని మింగాడు. మన ఇళ్ళల్లో ఆడపడుచుల కాపురాల కోసం మగవాళ్ళు మింగిన కోపాలు అన్నీ ఇన్నీ కావు. వాటివల్ల ఒక్క కాపురమైనా బాగుపడిన దాఖలా లేదు.

పెద్దదే కొన్నారు. ఊరికి వచ్చాక రంగరాజు పట్టుబట్టి దాన్ని తుపాకీకి బిగించి, తవుడు బస్తా మీద తుపాకీ ఆనించి, చెక్కకు కొట్టి, మరలు తిప్పి, మళ్ళీ కొట్టి, చివరికి గుళ్ళన్నీ తమలపాకంత మేరలో పడేలా చేశాడు. సరిపోని వస్తువే అయినా, గురి మాత్రం కుదిరింది. 'పోనీలే, ఇంతమటుకు నయం' అనుకున్నాడు.

ఈలోగా దసరా వచ్చింది. ఆయుధపూజకు తిరుపతిరాజు దుర్బీను ఊడదీశాడు. తుపాకీని పసుపునీళ్ళతో తుడిచి, నూనె రాసి, దుర్బీనుకు కూడా గంధం పూసి, కుంకుమ బొట్లు పెట్టి, రెండూ విడివిడిగా అమ్మవారి ముందు పెట్టాడు. పూజయ్యాక తనే మళ్ళీ బిగించాడు.

వేటకు ముందునాడు రంగరాజు వచ్చి చూసి నిలువునా మండిపోయాడు.

"విప్పారా బావగారూ?"

"విప్పకుండా పూజెలా చేస్తారోయ్?"

"విప్పితే గురి పోతుందండి! రేపు తోలబోయేది నేను. ఒక్క గుండు చెక్కకు కొట్టి చూద్దాం."

"పూజ చేసిన తుపాకీ మొదటి గుండు చెక్కకు కొట్టకూడదు. వేటకే పోవాలి. మా పెదనాన్నగారి నాటి ఆచారం."

"అమ్మవారు పూజ తీసుకుంటుంది బావగారూ, మరలు బిగించదు."

తిరుపతిరాజు కళ్ళు ఎర్రబడ్డాయి. "నా చేతి పని మీద నీకు అనుమానమా? భయమైతే చెప్పు. చీర కట్టుకుని మీ అక్క దగ్గర కూర్చో. హాకాకు ఇంకొకణ్ణి చూసుకుంటాను."

లోపలి గదిలో గాజుల చప్పుడు ఆగిపోయింది. అక్క వింటోందని రంగరాజుకు తెలుసు. అతను వెళ్ళకపోతే, గురి చెడిన తుపాకీ ముందుకు ఇంకో ఇంటి బిడ్డ వెళతాడని కూడా తెలుసు. "వస్తాను" అన్నాడు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

ఇక ఆ శనివారం. తిరుపతిరాజు గెడ్డ ఒడ్డున, అంటే కొండవాగు పక్కన, రాతి మీద కూర్చున్నాడు. పైనుంచి డప్పులు మొదలయ్యాయి. వరస మధ్యలో రంగరాజు బల్లెం పట్టుకుని దిగుతున్నాడు. మంచులో పక్కమనిషి కనిపించడం లేదు. డప్పు వినబడితే మనిషి ఉన్నాడని లెక్క.

పొదలు కదిలాయి. ఒంటికోరది గెడ్డలోకి దూకింది. రాతికి ఎంతో దూరం లేదు. తిరుపతిరాజు దుర్బీనులో కన్ను పెట్టాడు. అద్దం నిండా నల్లటి వెంట్రుకలు! తలో, తొడో తెలియదు. ఇటు తిప్పితే మంచు, అటు తిప్పితే ఆకు. బాగా కనపడుతుందేమోనని కన్ను ఇంకా దగ్గరికి ఆనించి మీట నొక్కాడు.

తుపాకీ వెనక్కి తన్నింది. దుర్బీను అంచు కనుబొమను చీల్చింది. గుండు పోవలసిన చోటికి పోలేదు, పంది వెనకకాలు విరిచింది. దెబ్బతిన్న పంది ముందుకు పారిపోదు, తోలేవాళ్ళ మీదికి తిరుగుతుంది. అదీ తిరిగింది. ఎదురుగా డప్పు మెడలో వేసుకున్న ముసలివాడు పరుగెత్తలేక నిలబడిపోయాడు. రంగరాజు అతణ్ణి పక్కకు తోసి బల్లెం దించాడు. బల్లెం దిగింది, కోరా దిగింది. పంది చచ్చింది. రంగరాజు కుడి మోకాలు చిప్పతో సహా చీలిపోయింది.

తిరుపతిరాజు కనుబొమకు తువ్వాలు అదుముకుంటూ వచ్చి ఏమన్నాడో తెలుసా? "డప్పులు ముందే కొట్టి చెడగొట్టారు వెధవలు!"

మంచం మీద మోసుకుపోతుంటే రంగరాజు ఆ మాట విన్నాడు. అన్నాళ్ళూ మింగిన కోపమంతా అప్పుడు పైకి వచ్చింది.

"ఆపండి బావగారూ! ఒక్క గుండు. చెక్కకు ఒక్క గుండు కొట్టనిమ్మన్నాను. మీ పరువుకు అది కూడా బరువైపోయిందా? వాళ్ళను ఒక్క మాటన్నా, ఈ కాలు లేకుండానే లేచి వస్తాను!"

రంగరాజును నర్సీపట్నం ఆసుపత్రికి పంపించి, మధ్యాహ్నానికి బంగారయ్యమ్మగారు తుపాకీ తెప్పించింది. పశువుల కొట్టం మట్టిగోడ మీద సుద్దతో చేటంత గుండ్రం గీయించింది. తవుడు బస్తా వేయించింది.

"కొట్టు" అంది.

"పెద్దమ్మా, నా కన్ను వాచి..."

"రెండో కన్నుంది. కొట్టు!"

కొట్టాడు. గుండు గుండ్రానికి బెత్తెడు అవతల మట్టి లేపింది. మళ్ళీ కొట్టమంది. ఈసారి ఇంకోవైపు పోయింది.

"కొట్టువాడు మోసం చేశాడు" అన్నాడు తిరుపతిరాజు.

ఆవిడ లేచి వచ్చి దుర్బీనును రెండు వేళ్ళతో పట్టుకుంది. పాలపన్ను కదిలినట్టు కదిలింది. బిగింపు సందుల్లోంచి ఇంకా పసుపు, నూనె ఊరుతున్నాయి.

"ఈ పసుపు కొట్టువాడు పోశాడట్రా?"

"పెదనాన్నగారి ఆచారమనే..."

"పెదనాన్నగారి పేరెత్తకు! ఆయన తుపాకీకి ఈ గొట్టం ఉందా? గురిచూసే మొన ఇనుముతో ఇనుమై అంటుకుని ఉండేది. పూజ చేసినా, నీళ్ళలో ముంచినా కదిలేది కాదు. అందుకే చెక్కకు కొట్టనక్కర లేకపోయింది. ఆయన ఆచారం పట్టుకున్నావు, అది ఏ తుపాకీకి చెల్లిందో చూడలేదు. పోనీ నీకు తెలియదు. తెలిసినవాడు చెబితే, చీర కట్టుకోమన్నావట." ఆవిడ దుర్బీనును వదిలి అతని కళ్ళలోకి చూసింది. "నీ చత్వారం నాకు తెలియదనుకున్నావా? కళ్ళు తగ్గడం వయసుకు వచ్చేది. దానికి ఎవరూ నవ్వరు. నీ కళ్ళు దాచుకోవడానికి వాడి కాలు తీశావు కదరా!"

తిరుపతిరాజు తుపాకీ గోడకు ఆనించి ఇంటిదారి పట్టాడు. కనీసం అప్పుడైనా ఆసుపత్రికి పోయి ఒక్క మాట అని ఉంటే కథ వేరేలా ముగిసేదేమో. పోలేదు. రంగరాజు కాలు మరి వంగలేదు.

తరువాత రెండు వేసవులకు బంగారయ్యమ్మగారు పోయింది. ఎవరికేమిటన్నది ఆవిడ ముందే రాసిపెట్టింది. మామిడితోట రంగరాజుకు వచ్చింది. పెంకుటిల్లు సుభద్రయ్యమ్మ పేర వచ్చింది. ఆ ఇంట్లో కంచం ఎగరడం ఆనాటి నుంచి ఆగింది. డప్పు కొట్టే ముసలివాడికి చోడి చేనులో ఒక ముక్క వచ్చింది. తుపాకీని సర్కారుకు అప్పగించమంది. మెరిసే పెద్ద దుర్బీను తోట కాపలావాడికి వెళ్ళింది. పట్టపగలు, దూరాన, కొమ్మల మీద కోతుల్ని చూడటానికి అంత మంచి వస్తువు ఆ తాలూకాలోనే లేదు. తిరుపతిరాజుకు ఏమీ రాలేదు.

పిల్లలూ, పెద్దలూ, గుర్తుంచుకోవలసింది ఇదే: మన చేతిలోని వస్తువు మీద ఇంకొకరి ప్రాణం ఆధారపడి ఉన్నప్పుడు, వాళ్ళు దాన్ని పరీక్షిస్తామనడం మనకు అవమానం కాదు, పరీక్షించనివ్వకపోవడమే పాపం.