చింతగింజల పడవ

కోటకు ధాన్యం మళ్లీ ఆలస్యమైంది. తప్పంతా పడవలదేనని కోటాధిపతి రణధీరుడు పడవలు నడిపించే సరంగు పోలయ్యకు మరణశిక్ష వేశాడు. గాదెలవాళ్లూ, బండ్లవాళ్లూ, పడవలవాళ్లూ కూడబలుక్కుని దొంగతనాలు చేస్తారని, ఒకరితో ఒకరు మాట్లాడితే తల తీయిస్తానని అంతకుముందే చాటింపు వేయించింది కూడా ఆయనే.

పోలయ్య చేతులు జోడించాడు.

"ప్రభూ, చివరి కోరిక. ఒక్క ఆట ఆడదాం. ఈ చింతగింజలు ధాన్యం, ఈ కొబ్బరిచిప్ప పడవ. తమరు నా చోట ఉండండి."

రణధీరుడు నవ్వుతూ చిప్ప పట్టుకున్నాడు. పోలయ్య సైగ చేయగానే సభలో ఉన్న బండ్లవాడొకడు కాసిని గింజలు పోసి, నోరు మెదపకుండా వెళ్లిపోయాడు. చిప్ప సగమైనా నిండలేదు. కోట వైపు నిలబడ్డ పోలయ్య "ధాన్యమేదీ? సిపాయిలు పస్తులున్నారు!" అని అరుస్తున్నాడు. బయల్దేరాలా, ఆగాలా? రణధీరుడు తేల్చుకోలేకపోయాడు.

"ఒరేయ్ బండోడా, ఇంకా ఎన్నున్నాయో చెప్పి చావరా!" అని కేకేశాడు.

పోలయ్య మెల్లగా అన్నాడు: "ప్రభూ, పడవవాడు బండివాడితో మాట్లాడాడు."

రణధీరుడు కత్తి పట్టుకున్న భటుడి వైపు చూశాడు. తెలియకుండానే చెయ్యి మెడ మీదికి పోయింది.

"సరంగును వదిలేయండి," అన్నాడు. "ఆ చాటింపు కూడా ఈ క్షణమే రద్దు. ముందు నా తల దక్కాలిగా!"