ముందే ఏడ్చిన అమ్మాయి

రెండువేల పంతొమ్మిదో సంవత్సరం, జులై పదమూడు, శనివారం. కాకినాడలో తెల్లవారుజామున ఓ జల్లు పడి ఆగిపోయింది. అదీ పడకపోతేనే బాగుండేది. ఆ తర్వాత ఆకు కదల్లేదు, సముద్రం వైపు నుంచి గాలన్నది లేదు, మధ్యాహ్నానికల్లా ఊరంతా మూత పెట్టిన గిన్నెలో ఉన్నట్టు ఉడికిపోయింది. ఆ ఉక్కలో, చొక్కా వీపుకి అతుక్కుపోగా, సోమయాజులు మాస్టారి ఇంటి మెట్లెక్కాడు సుధీంద్ర.

మాస్టారు కాలేజీలో తర్కం చెప్పి రిటైరైనవారు. ఇంటికి వచ్చినవాళ్ళకి శనివారాలు ఊరికే పాఠం చెప్పేవారు. ఆయనకో అలవాటుంది. ఎవరేం అడిగినా తిన్నగా జవాబు చెప్పరు. "ఉద్యోగమంతా వాదించాను. గెలిచాను కూడా. ఒక్కడూ మారలేదు," అనేవారు. ప్రశ్న విని, మజ్జిగ తాగి, ఊరుకునేవారు. తర్వాత ఏదో ఒకటి జరిగేది, అదే జవాబు. అది దానంతటది జరిగిందా, ఆయన జరిపించారా అన్నది శిష్యులకి ఎన్నడూ తేలేది కాదు. మిగతావాళ్ళు ఆ సంగతి వదిలేసేవారు. సుధీంద్ర మాత్రం వదిలేవాడు కాదు. వాడిది అన్నింటినీ తిరగేసి వెనక ఏముందో చూసే స్వభావం. తర్కానికి పనికొస్తుందని మాస్టారు మొదట్లో మెచ్చుకున్నారు కూడా.

"మాస్టారూ, ఒక మనిషి ఒక సంగతిని నిజంగా మొదటిసారి చూస్తున్నాడా, ముందే చూసేసి ఇప్పుడు ఆశ్చర్యం నటిస్తున్నాడా? ఎలా తెలుసుకోవడమండి?"

"ఎవరా మనిషి?"

"రోజ్‌లిన్."

ఇక్కడ పెద్దవాళ్ళ కోసం కొంచెం వివరం చెప్పాలి. జపాను వాళ్ళు గీసే బొమ్మల కథలున్నాయి, యానిమే అంటారు. వాటిలో మంత్రకన్యల కథలని ఒక రకం. మామూలు బడిపిల్లకి ఎక్కడో ఓ ఉంగరమో అద్దమో దొరుకుతుంది. దాన్ని తాకగానే రిబ్బన్లూ వెలుగులూ చుట్టుముట్టి, ఆ పిల్ల గిర్రున తిరిగి, లోకాన్ని కాపాడే వీరురాలై నిలబడుతుంది. సుధీంద్రా రోజ్‌లినూ డిగ్రీలో ఒకే బెంచీ. ఇద్దరికీ ఈ కథలంటే ప్రాణం. ఇద్దరూ ఒక సోఫాలో కూర్చుని కొత్త భాగం చూస్తారు. ఎదురుగా కెమెరా పెట్టి తమ మొహాలు రికార్డు చేసి, 'తొలిచూపు' అనే తమ యూట్యూబు చానెల్లో పెడతారు. దాన్ని రియాక్షన్ అంటారు. ఒకరు చూస్తుంటే వాళ్ళ మొహాలు చూడ్డానికి ఇంకొకరు వస్తారా అని ముక్కున వేలేసుకోనక్కర్లేదు. పూర్వం సినిమా హాలుకి రెండోసారి వెళ్ళినవాళ్ళలో సగం మంది, పక్కన కూర్చోబెట్టుకున్న బావమరిది ఎక్కడ ఉలిక్కిపడతాడో చూడ్డానికే వెళ్ళేవారు. ముందు బెంచీలో కూర్చుని "ఇప్పుడు వీడు చస్తాడు చూడండి" అని అరిచినవాడికి ఇంటర్వెల్లో దెబ్బలు కూడా పడేవి. తొలిచూపుకి అంత విలువ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

అందుకే వాళ్ళిద్దరి మధ్యా ఒకటే కట్టుబాటు: కెమెరా లేకుండా ఎవరూ కొత్త భాగం చూడకూడదు.

చానెలు పెరిగింది. హైదరాబాదు కంపెనీ ఒకటి దాన్ని తీసుకుని నడుపుతామంది. సోమవారం వాళ్ళ మనుషులు వస్తారు. ఇద్దరూ కలిసి సంతకం పెడతారా, ఎవరైనా ఒకరా అన్నది ఆ రోజే తేల్చాలి. సరిగ్గా ఇప్పుడే సుధీంద్రకి అనుమానం పుట్టింది. కిందటి భాగంలో కొంగ ఒకటి చచ్చిపోతుంది. రికార్డింగు ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూసినా ఒకటే కనిపించింది. కొంగ ఇంకా ఎగురుతుండగానే రోజ్‌లిన్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"చచ్చిపోతుందని ముందే తెలియకపోతే ముందే ఎలా ఏడుస్తుందండీ?" అన్నాడు. "ఇలాంటి మనిషితో కలిసి సంతకం ఎలా పెట్టను?"

మాస్టారు సెల్‌ఫోనులో ఆ ముక్క చూశారు. మజ్జిగ తాగారు.

"కొత్త భాగం ఎప్పుడు?"

"ఇవాళ మధ్యాహ్నమే వచ్చిందండి. ఇంకా చూళ్ళేదు."

"సాయంత్రం ఇద్దరూ ఇక్కడికి రండి. మా టీవీలో చూద్దురు గాని. కెమెరా కూడా తెచ్చుకో."

సుధీంద్ర సంబరంగా గదికి వెళ్ళాడు. దారిలోనే బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. సాయంత్రం ఆమెని పట్టుకోవాలంటే ఏడవాల్సిన చోటు ఎక్కడుందో తనకి ముందే తెలియాలి కదా! తెలియకపోతే తనూ తెర వైపే చూస్తుంటాడు, ఆమె దొరకదు. తలుపు గడియ పెట్టి కొత్త భాగం మొత్తం చూసేశాడు. మాట తప్పినట్టు వాడికి అనిపించలేదు. దొంగతనం జరిగిన ఇంట్లో పోలీసు అడుగుపెడితే దొంగవుతాడా అని తనకు తనే చెప్పుకున్నాడు.

కథ ఇది. చియో అనే పిల్లకి ఓ గొడుగుంది. తెరిస్తే ఒంటి మీదికి కవచం వస్తుంది, తుఫానులు మాట వింటాయి. కానీ తెరిచిన ప్రతిసారీ తనకి కావలసినవాళ్ళలో ఒకరిని మరిచిపోతుంది. ఈ భాగంలో వరద ముంచుకొస్తుంది, తమ్ముడు బడి కప్పు మీద చిక్కుకుపోతాడు. చియో గొడుగు తెరుస్తుంది. వాణ్ణి కాపాడి, కిందికి దించి, "నువ్వెవరి అబ్బాయివి?" అని అడుగుతుంది. సుధీంద్ర గొడుగు తెరుచుకునే చోటు చూసుకున్నాడు, దానికి ముందు వచ్చే పాట గుర్తుపెట్టుకున్నాడు. అంతే. ఏడుపు రాలేదు. రాలేదన్న సంగతి కూడా వాడు గమనించలేదు.

సాయంత్రం రోజ్‌లిన్ వచ్చింది. "ఏంట్రా సుధీ, పెళ్ళిచూపులకొచ్చినట్టు అలా బిగుసుకుపోయావ్?" అంటూ కెమెరా స్టాండు తనే నిలబెట్టింది. మాస్టారి చెల్లెలు సుందరమ్మగారు మజ్జిగ గ్లాసులు పెట్టి లోపలికి వెళ్ళారు. మాస్టారు తన పడక్కుర్చీ టీవీ పక్కకి లాక్కుని, తెరకి వీపు పెట్టి, వీళ్ళకి ఎదురుగా కూర్చున్నారు.

"మీరు చూడరా మాస్టారూ?" అంది రోజ్‌లిన్.

"చూడ్డానికేగా కూర్చున్నాను."

కథ మొదలైంది. సుధీంద్ర ఓ కన్ను తెర మీదా ఓ కన్ను ఆమె మీదా పెట్టాడు. ఆమె నవ్వింది, చియోని తిట్టింది, తమ్ముడు టిఫిను డబ్బా మర్చిపోతే "ఒరేయ్, డబ్బా రా!" అని టీవీని కేకేసింది. అన్నీ వేళకే. వరదొచ్చింది. తమ్ముడు కప్పు మీదికెక్కాడు. చియో గొడుగు కోసం ఇంటికి పరిగెత్తింది. తలుపు తీసింది. తను ఎదురుచూస్తున్న చోటు వచ్చేస్తోందని సుధీంద్ర తెర వదిలేసి ఆమె వైపు తిరిగాడు.

కరెంటు పోయింది.

"అయ్యో! ఇప్పుడా!" రోజ్‌లిన్ కుర్చీలోంచి లేచిపోయింది. "గొడుగు దొరికిందా లేదా? వాడు పడిపోతాడేమో! మాస్టారూ, ఇక్కడ ఎంతసేపు తీస్తాడండీ? సుధీ, తెరుస్తుందంటావా? తెరిస్తే వాణ్ణే మర్చిపోతుందేమోరా! ఎవరినైనా మర్చిపోనియ్యి, వాణ్ణి కాదు!" అంటూ కిటికీ దగ్గరికి పరిగెత్తింది. "ఎదురింట్లో ఫ్యాను తిరుగుతోందండీ!"

"అయితే మనింట్లోనే పోయిందన్నమాట," అన్నారు మాస్టారు, కుర్చీలోంచి కదలకుండా.

ఆమె గోళ్ళు కొరుక్కుంటూ గదిలో అటూ ఇటూ తిరిగింది. గొడుగు వరదలో కొట్టుకుపోయి ఉంటుందంది. కాదు, వాళ్ళమ్మ వచ్చి అడ్డం పడుతుందంది. తనే ఓ కథ అల్లి, అది నచ్చక, ఇంకోటి అల్లింది. సుధీంద్ర ఎదురింటి ఫ్యాను గురించి ఆలోచిస్తున్నాడు. సుందరమ్మగారు ఇందాక లోపలికెళ్ళి ఇంకా బయటికి రాలేదు. మెయిన్ స్విచ్చి వంటింటి పక్కనే కదా? ఇందులో ఏదో ఉంది.

మాస్టారు అతన్నే చూస్తున్నారు.

"ఏమయ్యా, నీకేమీ తొందర లేదేం?"

"నాకా?"

"ఆ పిల్ల ఇందాకట్నించీ ఏమవుతుందో, ఏమవుతుందో అని చంపుకుతింటోంది. నువ్వు ఒక్కమాటైనా అడగలేదు."

రోజ్‌లిన్ నడక ఆగిపోయింది. సుధీంద్ర వైపు తిరిగింది. కరెంటు పోయినా కిటికీలోంచి ఇంకా వెలుతురుంది, మొహం కనిపించేంత. బ్యాటరీ మీద నడిచే కెమెరా ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.

"చూసేశావా?"

సుధీంద్ర మజ్జిగ గ్లాసు అందుకున్నాడు. అందులో ఏమీ లేదు. "నేను చూసింది వేరే పనికి," అన్నాడు. "నిన్ను పట్టుకోవడానికి."

"పట్టుకున్నావా?"

కొంగ సంగతి చెప్పాడు, నీళ్ళు తిరగడం చెప్పాడు, వారం నుంచీ నిద్రపట్టకపోవడం చెప్పాడు. ఆమె అడ్డురాకుండా విన్నది. కోపం వచ్చి ఉంటే వాడికి బాగుండేది. రాలేదు. ఎక్కడో దూరంగా ఉన్న చుట్టం మొహంలా అయిపోయింది ఆమె మొహం.

లోపల టక్కుమని చప్పుడైంది. టీవీ వెలిగింది.

"నువ్వు బయట కూర్చో సుధీ," అంది రోజ్‌లిన్, మెల్లగానే. "నీ మొహం చూస్తే నాకు కథ తెలిసిపోతుంది."

వాడు వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. కాసేపటికి మాస్టారు కూడా వచ్చి పక్కన కూర్చున్నారు. లోపలి నుంచి వరద హోరు వినిపిస్తోంది, వాన చప్పుడు మొదలైంది. సుధీంద్ర ప్రతి చప్పుడునీ గుర్తుపడుతున్నాడు. ఇంకా పాట రాలేదు. గొడుగు తెరుచుకోవడానికి ఇంకా వ్యవధి ఉంది. అప్పుడు వినబడింది రోజ్‌లిన్ వెక్కి ఏడవడం.

వాడు దిగ్గున తలెత్తాడు. "చూశారా! ఇంకా గొడుగు తెరవనేలేదండీ. అప్పుడే ఏడుస్తోంది!"

"మరి ఇది ఆమె ముందే చూసిందంటావా?"

ఇందాక గదిలో అల్లాడిపోయిన మనిషిని సుధీంద్రా చూశాడు. ఆ అల్లాడటం నటన కాదు, వాడికి తెలుసు. మరి ఎందుకు?

లోపల రోజ్‌లిన్ టీవీతో మాట్లాడుతోంది. "చెయ్యి మూసుకోవే! చెయ్యి మూసుకో! వాన పడుతోంది, పేరు పోతోంది!"

"ఏం పేరండీ?" అన్నాడు సుధీంద్ర.

లోపలి నుంచి సుందరమ్మగారి గొంతు వినిపించింది. ఆవిడ ఎప్పుడు వచ్చి కూర్చున్నారో! "ఏం పేరే తల్లీ?" అని అడిగారు. రోజ్‌లిన్ ముక్కు ఎగబీలుస్తూ చెప్పింది. "పొద్దున్న బడికి వెళ్ళేటప్పుడు తమ్ముడు అక్క అరచేతిలో పెన్నుతో తన పేరు రాశాడు కదా అమ్మమ్మగారూ. అక్క ఒక్కొక్కరినీ మర్చిపోతోందని వాడికి తెలిసిపోయింది. తననైనా మర్చిపోకూడదని రాశాడు. ఇప్పుడు ఆ పేరు వానకి కారిపోతోంది."

అప్పుడు పాట వచ్చింది. తర్వాత గొడుగు తెరుచుకున్న చప్పుడు.

సుధీంద్ర మధ్యాహ్నం భాగమంతా చూశాడు. అరచేయీ చూడలేదు, పేరూ చూడలేదు. కొంగ కథలో కూడా ఇలాంటిదేదో ఉండే ఉంటుందని వాడికి అప్పుడు తట్టింది. ఎగురుతున్న కొంగకే ఏదో అయి ఉంటుంది, అది తను చూడలేదు.

"మాస్టారూ, నాకు ఆ పేరు కనబడలేదండీ," అన్నాడు.

మాస్టారు వీధిలోకి చూస్తూ, "మధ్యాహ్నం నువ్వు చూశావుగా," అన్నారు.

సోమవారం హైదరాబాదు వాళ్ళు వచ్చారు. రోజ్‌లిన్ ఒక్కతే సంతకం పెట్టింది. సుధీంద్ర మీద ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పకపోవడంలో కూడా ఏదో ఎత్తుందేమోనని వాడు చాలాకాలం వెతికాడు. ఓసారి సుందరమ్మగారిని, ఆవేళ మెయిన్ స్విచ్చి మీరే తీశారా అని అడిగాడు కూడా. "మజ్జిగ పోయనా నాయనా?" అన్నారావిడ.

మరి రెండేళ్ళకి, వానలు పట్టిన రోజుల్లో, మాస్టారు పోయారు. పెద్ద జబ్బేమీ లేదు, పడక్కుర్చీలోనే పోయారు. ఇల్లు సుందరమ్మగారికి వచ్చింది. తర్కం పుస్తకాలన్నీ పిఠాపురం నుంచి వచ్చే ఓ శిష్యుడికి రాశారు. వాడు తెలివైనవాడేం కాదు, అడిగిందే మళ్ళీ అడుగుతాడు. చేతిగడియారం పాలు పోసే ముత్యాలుకి వెళ్ళింది. టీవీ రోజ్‌లిన్‌కి. అప్పటికి ఆమె శనివారాలు వచ్చి సుందరమ్మగారికి మంత్రకన్యల కథలు చూపిస్తోంది. వాటి గురించి ఆవిడ పెట్టే తగువులు కెమెరాలో పెడితే జనం విరగబడి చూస్తున్నారు.

సుధీంద్రకి ఏమీ రాలేదు.

ఒక్క శనివారం కూడా మానకుండా పాఠానికొచ్చినవాడు. పన్నెండో రోజు కార్యక్రమం అయ్యాక, అందరూ వెళ్ళేదాకా ఆగి, వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"అమ్మమ్మగారూ, మాస్టారు నా మాటేమీ అనలేదా? మర్చిపోయారా?"

"మర్చిపోలేదు నాయనా. వాడికేమిద్దాం అన్నయ్యా అని నేనే అడిగాను."

"ఏమన్నారు?"

సుందరమ్మగారు చేతులు తుడుచుకున్నారు.

"'వాడికేదిచ్చినా అదే ఎందుకిచ్చానా అని ఆలోచిస్తూ కూర్చుంటాడు. ఏమీ ఇవ్వకే. పడుకోనీ' అన్నాడు."