వరసలో కలవని చుక్క

"మేడమ్, ఈ ఒక్క లెక్క తీసేస్తే తప్పా?" అని అడిగాడు ఆసిరినాయుడు.

మా గురువు డాక్టర్ పేరిందేవిగారు రెటీనా వైద్యంలో మమ్మల్ని తీర్చిదిద్దిన మనిషి. ప్రశ్నకు వాదనతో జవాబు చెప్పడం ఆవిడకి ఇంటా వంటా లేదు. ఆవిడ శిష్యుణ్ణని చెప్పుకోవడం నాకు ఈనాటికీ గర్వమే, దాచుకోను.

ఆసిరినాయుడు మాలో తెలివైనవాడు. ఆ సంగతి అతనికి కొంచెం ఎక్కువగానే తెలుసు. షుగరు వల్ల రెటీనా వాచిన రోగులకి కంట్లో సూదిమందు వేసే ముందు, వాళ్ళ అనుమతితో కంటిలోని నీరు ఒక చుక్క తీసి, అందులో ఏ ప్రొటీన్ ఎంతుందో కొలుస్తున్నాడు. రక్తనాళాలు కారేలా చేసే ప్రొటీన్ దాదాపు అందరిలోనూ పెరిగి ఉంది. మేము వేసే మందు అణిచేది దాన్నే. ఒక్క చుక్కలో మాత్రం అది మామూలుగానే ఉంది, మంట రేపే వేరే ప్రొటీన్ ఆకాశాన్నంటింది. ఆ ఒక్కటీ పక్కన పెడితే అతని పరిశోధన కడిగిన ముత్యంలా ఉంటుంది.

మేడమ్ కాగితం చూసి, "ఎవరి చుక్క ఇది?" అన్నారు.

"పేర్లుండవు కదా మేడమ్, నంబరే."

"నంబరుకి చూపు తగ్గదు నాయనా. ఎవరో కనుక్కుని, నువ్వే పిలువు."

కనుక్కున్నాక అతని మొహం పాలిపోయింది. ఆ చుక్క తాపేశ్వరంలో కాజాలు చేసే మంగతాయారుది. సూదిమందు ఎన్నిసార్లు వేసినా ఆవిడ కంట్లో వాపు తగ్గలేదు. పాకం తీగ సాగిందో లేదో కనపడక తడబడుతుంటే, కన్నకొడుకే ఆవిణ్ణి పొయ్యి దగ్గర్నుంచి లేపేశాడు. రక్తంలో షుగరు అదుపులోనే ఉన్నా ఆసిరినాయుడు నమ్మలేదు. కిందటిసారి అందరి ముందూ, "తేనె తీసేవాడు చెయ్యి నాకకుండా ఉంటాడా? మీరు నోరు కట్టుకోకపోతే మా మందేం చేస్తుంది?" అనేశాడు. తీపి నాలిక మీద పెట్టి ఏళ్ళయిందని ఆవిడ చెబుతూనే ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

మంగతాయారు వచ్చింది గానీ, కూర్చోలేదు. "మళ్ళీ తిట్టడానికాండీ?" అంది.

మేడమ్ ఆసిరినాయుడి వైపు చూశారు. అతనే ఆ చుక్కలో ఏం కనిపించిందో చెప్పాడు. ఆవిడ కంట్లో జబ్బు దారి వేరని, మంట తగ్గించే మరో మందు వేస్తే గుణం ఉండవచ్చని, కంటి ఒత్తిడి పెరగకుండా కనిపెట్టుకుని ఉండాలని, అయినా ఖాయమని మాటివ్వలేనని చెప్పాడు. "ఆవేళ నేనన్న మాట తప్పండి" అని కూడా అన్నాడు. అతని నోట ఆ ముక్క వినడం మాకదే మొదలు.

ఆవిడ ఒప్పుకుంది. మందు మార్చారు. వాపు మెల్లగా తీసింది.

శ్రావణమాసం పెళ్ళిళ్ళ వేళ, రోగులతో హాలు కిటకిటలాడుతుండగా మంగతాయారు పట్టుచీర కట్టుకుని, కాజాల పెట్టెతో వచ్చింది. తిన్నగా ఆసిరినాయుడి ముందుకే వెళ్ళి నిలబడింది.

"నిన్న పెళ్ళివారి పాకం నేనే దించానండి, ఆయ్! మావోడు గరిటె ముట్టలేదు." తల ఎత్తి, హాలంతా వినపడేలా అంది. "నేను అబద్ధమాడలేదని నా కన్నే చెప్పింది గదా బాబూ!"

అందరూ తలలు తిప్పి చూశారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. అక్కడున్న మా అందరికీ ఆవిణ్ణి చూస్తే గర్వంతో ఒళ్ళు పులకరించింది.

ఆసిరినాయుడి కళ్ళు చెమర్చాయి. అది ఎవరికీ కనపడకూడదనేమో, గబగబా ఫలితాల కాగితం తీసి మేడమ్ ముందు పెట్టాడు. "ఈ లెక్కని పరిశోధనలో ఎక్కడ చూపించమంటారు మేడమ్? మొదట్లోనా, చివర్నా?"

మేడమ్ ఆ కాగితం వైపు చూడనేలేదు.

"ముందు ఆవిడకి కుర్చీ వెయ్యి" అన్నారు.