రాజావారి ట్రక్కుకు షాకిల్ బిగుసుకుంది

చింతలమెట్ట రాజా మల్లపరాజు బహద్దూర్ వారికి పొరుగు జమీందారు ఏనుగు మీద కోపమొచ్చింది. పాపం, ఏనుగు చేసిన తప్పేమీ లేదు. ఊరేగింపులో ఆ జమీందారు దాని మీద కూర్చుని, ట్రక్కులో వెళ్తున్న రాజావారిని పైనుంచి కిందికి చూశాడు. అంతే.

"మన ట్రక్కు ఎత్తు పెంచండి! ఇకమీదట వాడే తలెత్తి నన్ను చూడాలి!" అని హుకుం జారీ అయింది.

అది యుద్ధం ముగిశాక వేలంలో కొన్న పాత మిలిటరీ బండి. వెనకవైపు ఓ సింహాసనం బిగించి, పైన జరీ గొడుగు కట్టించుకున్నారు రాజావారు. దివాన్ పట్టాభిరామయ్యగారు పట్నం నుంచి బండి బరువు మోసే, విల్లులా వంగిన కొత్త కమాను కట్టలు తెప్పించి, దగ్గరుండి వేయించారు. ట్రక్కు జానెడు పైకి లేచింది. సింహాసనం ఎక్కడానికి నిచ్చెన కావలసివచ్చింది. రాజావారు మురిసిపోయి దివాన్ గారికి 'ఔన్నత్యవర్ధన' అని బిరుదిచ్చారు.

బండి కదిలాక గానీ అసలు సంగతి తెలియలేదు.

సింహాసనం పక్కన పీట మీద కూర్చుని తాంబూలం అందించడం సన్యాసయ్య కొలువు. ముత్యాలపాలెం రోడ్డెక్కీ ఎక్కగానే ట్రక్కు మొండి గుర్రంలా ఎగరడం మొదలుపెట్టింది. మొదటి కుదుపుకి రాజావారి తలపాగా ఊడింది. రెండో కుదుపుకి సన్యాసయ్య చేతిలో సున్నం రాజావారి మీసానికెక్కింది. ఆ తర్వాతి కుదుపుకి రాజావారు సింహాసనం వదిలి గొడుగుని గుద్దుకున్నారు.

డ్రైవరు మస్తాను బండాపి, కిందికి దూరి చూసి, దివాన్ గారి దగ్గరకొచ్చాడు.

"అయ్యగారూ, కమాను చివర వేలాడే ఇనప లంకె, అదే షాకిల్, బిగుసుకుపోయిందండీ. చక్రం ఎగిరినప్పుడు కమాను సాగాలి, షాకిల్ వెనక్కి ఊగి దానికి చోటివ్వాలి. ఈ కొత్త కమాన్లు వంపు ఎక్కువై దాన్ని ముందుకు లాగేశాయి. షాకిల్ తగిలించిన బ్రాకెట్టు బెత్తెడు ముందుకు జరిపితే..."

"నోర్ముయ్! నేను దగ్గరుండి వేయించిన కమానుకి నువ్వు వంక పెడతావా?" అని కసిరి, దివాన్ గారు రాజావారి వైపు తిరిగి చేతులు కట్టుకున్నారు. "మహాప్రభూ! తప్పంతా రోడ్డుది. దీన్ని వేసిన ముత్యాలపాలెం రైతులది."

"అయితే రేపటినుంచే ఊరు ఊరంతా వచ్చి దీన్ని తవ్వి మళ్లీ వేయాలి!" అన్నారు రాజావారు మీసం తుడుచుకుంటూ.

సన్యాసయ్య చెల్లెల్ని ఇచ్చిన ఊరది. చేలో వరి కోతకొచ్చి ఉంది. ఊరంతా పలుగూ పారా పట్టుకుంటే పంట నేలపాలే. పోనీ, తప్పు ట్రక్కుదని చెబుదామా అంటే, ఇచ్చిన బిరుదు తప్పని రాజావారిచేత ఒప్పించాలి. అంతకన్నా ఊరిచేత రోడ్డు తవ్వించడమే రాజావారికి తేలిక.

సన్యాసయ్య లేచి దణ్ణం పెట్టాడు.

"మహాప్రభూ, ఈ శిక్ష చాలదు."

దివాన్ గారి ముఖం వెలిగింది. "చూశారా! తాంబూలం అందించేవాడికి కూడా తెలిసింది!"

"ఈ ఒక్క రోడ్డేనా ప్రభూ? ఈ ట్రక్కులో తమరు ఏ రోడ్డు మీద ఎగిరిపడితే, ఆ రోడ్డు వేయించినవారే సొంత చేతుల్తో తవ్వాలి. ఎంతటివారైనా సరే. అప్పుడు గానీ బుద్ధి రాదు."

"భేష్! దండోరా వేయించండి," అన్నారు రాజావారు.

"ఇప్పుడే వేయిస్తాను," అని దివాన్ గారు ఉత్సాహంగా తప్పెటవాణ్ణి పిలిపించారు. ఆ సాయంత్రానికి సంస్థానమంతా మోగిపోయింది.

మర్నాడు పొద్దున్నే సన్యాసయ్య రాజావారికి చిలకలు చుట్టి ఇస్తూ అన్నాడు. "ప్రభూ, ముత్యాలపాలెం వాళ్లు తవ్వడానికి వచ్చి కాచుక్కూర్చున్నారు. ముందు కోట గుమ్మంలో ఉన్న రాజవీధిని పరీక్షిస్తే, మంచి రోడ్డంటే ఎలా ఉండాలో వాళ్లూ చూసి నేర్చుకుంటారు."

రాజవీధి అద్దంలా ఉంటుంది. వేయించింది దివాన్ గారే. వీధి మొదట్లో ఆయన పేరు చెక్కిన రాయి కూడా ఉంది.

దివాన్ గారు అడ్డొచ్చారు. "ఎందుకు ప్రభూ శ్రమ..." అంటూండగానే రాజావారు నిచ్చెనెక్కి సింహాసనం మీద కూర్చున్నారు, మస్తాను బండి లాగించాడు.

దారిలో ఎవరో పారేసిన కొబ్బరిచిప్ప ఒకటుంది. చక్రం దానిమీద ఎక్కింది. రాజావారు గొడుగు దాకా వెళ్లి వచ్చారు.

"పట్టాభిరామయ్యా! ఈ రోడ్డు వేయించిందెవరు?"

ముత్యాలపాలెం రైతొకడు వినయంగా ముందుకొచ్చి, తన పలుగు దివాన్ గారి చేతికి అందించాడు.

దివాన్ గారు ఆ పలుగు వంక చూశారు. రాజవీధి పొడుగు వంక చూశారు. "రోడ్డుది కాదు మహాప్రభూ! రోడ్డు బంగారం! ట్రక్కుదే తప్పు! షాకిల్ బిగుసుకుంది. బ్రాకెట్టు బెత్తెడు ముందుకు జరపాలి. మస్తాను నిన్ననే చెప్పాడు!"

"నిన్ననే చెప్పాడా?" రాజావారి కనుబొమలు లేచాయి. "అది జరిపితే నా ఎత్తు తగ్గుతుందా?"

"వెంట్రుకవాసి కూడా తగ్గదు ప్రభూ," అన్నాడు మస్తాను. "ఎగరడం ఒక్కటే తగ్గుతుంది."

రాజావారు కాసేపు గంభీరంగా ఉందామని చూశారు గానీ, పలుగు పట్టుకుని నిలబడ్డ దివాన్ గారిని చూడగానే నవ్వాగలేదు. రైతులూ నవ్వారు. పలుగులు భుజాన వేసుకుని కోతలకు బయల్దేరారు.

"సన్యాసయ్యా, నీ ఎత్తు ముందు నా ట్రక్కు ఎత్తెంత!" అని రాజావారు భుజమ్మీది జరీ కండువా తీసి అతనికి కప్పారు. "ఇంకేం కావాలో కోరుకో."

సన్యాసయ్య చేతులు జోడించాడు.

"బండిని బాగుచేయించడానికి పట్నం తీసుకెళ్లాలి కదా ప్రభూ. అంతదూరమూ తమరి సింహాసనం మీద కూర్చునే భాగ్యం దివాన్ గారికి ఇప్పించండి!"