గీత పడని రికార్డు

బొబ్బిలిలో వీణ నేర్పే కామయ్య గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న వేస్తే జవాబు చెప్పకుండా ముందు వీణ మీద గుడ్డ కప్పేసేవారు. గుడ్డ కప్పారంటే ఆ పూటకి పాఠం ముగిసినట్టు, కథ మొదలైనట్టు. పాఠం ఎగ్గొట్టడానికి మాలో కొందరం కావాలనే ప్రశ్నలు వేసేవాళ్లం. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అయినా కప్పేవారు.

శంభుమూర్తి ఆ బాపతు కాదు. సాధన అంటే ప్రాణం పెట్టేవాడు. కొత్తగా పెళ్లయినవాడు. ఒకనాటి మధ్యాహ్నం అతను అడిగాడు.

"గురువుగారూ, మా ఆవిడకి పనిచేసుకుంటూ కూనిరాగం తీసే అలవాటు. నా శ్రుతికి అడ్డొస్తోందని గట్టిగా చెప్పాను. మానేసింది. ఇప్పుడు మా ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. అయినా నా చేతిలో రాగం పలకడం లేదు. లోపం ఎక్కడుందంటారు?"

కామయ్య గారు గుడ్డ తీసి వీణ మీద కప్పారు. ఆయన చెప్పింది ఇది.

పడుచుతనంలో ఆయన కొన్నాళ్లు విశాఖపట్నం వన్‌టౌన్‌లో ఒక పాత మేడ కింది వాటాలో అద్దెకున్నారు. పై వాటాకి చెక్క నేల. అందులో హార్బరు గుమాస్తా జోగారావు, అతని భార్య నూకరత్నం కాపురం ఉండేవారు. జోగారావుకి డిస్కో పిచ్చి. రేవులోకి ఓడ వచ్చిందంటే ఏ నావికుడి పెట్టెలో ఏ రికార్డు ఉందో ముందు అతనికే తెలిసేది. తళతళలాడే అట్టలోంచి ఆ నల్లటి పళ్లేన్ని, అంచులు మాత్రమే తగిలేలా, పురిటిబిడ్డని ఎత్తుకున్నంత భద్రంగా బయటికి తీసేవాడు. రికార్డు ప్లేయరు మీద పెట్టేదాకా దాని మీద ఊపిరి కూడా పడనిచ్చేవాడు కాదు.

"మీ వీణ చెవులకండి మాస్టారూ, ఇది కాళ్లకి. ఇది వింటా కదలకుండా కూకున్నోడు మనిషే కాదండి" అనేవాడు.

అన్నవాడు మాత్రం మంచం మీద బాసింపట్టు వేసుకుని బొమ్మలా కూర్చునేవాడు. చెక్క నేల మీద ఎవరు గట్టిగా అడుగేసినా ముల్లు ఎగిరిపడి రికార్డు గీసుకుపోతుందని అతని బెంగ. పాటేమో ఎగరమంటుంది, ముల్లేమో ఎగరొద్దంటుంది. జోగారావు ముల్లు మాటే విన్నాడు.

నూకరత్నం మొదటిసారి ఆ దరువు విన్నప్పుడు, తోముతున్న చేపల్ని వదిలేసి వచ్చి, తడిచేతులతోనే ఎగిరిందట. ముల్లు కర్రుమని జారింది, గీత మాత్రం పడలేదు. "ఒసే, నేల అదురుతోందే! కాలు కదిపేవంటే ఊరుకోను" అన్నాడు జోగారావు. అతను తిట్టింది అంతే. అతనికి ఆమె అంటే ఇష్టమే కూడాను. ఆమె నవ్వేసి పీట మీద కూర్చుంది. అతను నేలంతా గోనెపట్టాలు పరిచాడు. ఆమె మెత్తగా నడవడం నేర్చుకుంది. మొదట్లో కింద ఉన్న కామయ్య గారికి ఆమె ఏ గదిలో ఉందో అడుగుల చప్పుడుని బట్టి తెలిసేది. రానురాను పైన మగమనిషి ఒక్కడే ఉంటున్నాడేమో అనిపించసాగింది.

ఒకరోజు పొద్దువాలే వేళ పై నుంచి పాటతో పాటు అడుగులు కూడా వినిపించాయి. మడమా మునివేళ్లూ, మడమా మునివేళ్లూ, తాళం తప్పకుండా. పోనీలే, ఇన్నాళ్లకి ఆ అమ్మాయిని ఆడనిచ్చాడని కామయ్య గారు సంతోషించారు. అంతలో జోగారావు మండిపడుతూ మెట్లు దిగి వచ్చాడు.

"ఏటి మాస్టారూ, ఏటా దంపుడు? పైన ముల్లు నిలవట్లేదు!"

దంచుతున్నది తను కాదని చూపించడానికి ఆయన పైకి వెళ్లారు. నూకరత్నం పీట మీద, కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. పాట సాగుతోంది. కిటికీలోని గ్లాసులో నీళ్లు దరువుకి తగ్గట్టు వణుకుతున్నాయి.

"నాను కదల్లేదండీ" అంది ఆమె.

ఎవరో కనిపెట్టి తీరతానని జోగారావు పంతం పట్టాడు. గోనెపట్టాలు లాగేశాడు. ముల్లు మళ్లీ మొదట్లో పెట్టి, ముగ్గుపిండి చల్లుకుంటూ వెనక్కి నడిచి బయటికొచ్చి తలుపు మూశాడు. ముగ్గురూ మెట్ల మీద కూర్చున్నారు. లోపల అడుగులు మొదలయ్యాయి. నూకరత్నం కాళ్లు చీర కుచ్చెళ్ల కింద అలాగే ఉన్నాయి. పాట అయిపోయింది.

తలుపు తీశారు. ప్లేయరు ముందు పిండి నిండా పాదాల గుర్తులు. గుమ్మం నుంచి వచ్చినవీ లేవు, వెళ్లినవీ లేవు. ఎడమ పాదం చిటికెన వేలు పక్కకి తిరిగి ఉంది. నూకరత్నానికి చిన్నప్పుడు పొత్రం పడి వంకరపోయిన వేలు అది.

"మాస్టారికి దాహమేస్తున్నట్టుంది" అంటూ నూకరత్నం ఆ గది దాటి వంటింట్లోకి వెళ్లి, మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. కామయ్య గారు గ్లాసు అందుకుంటూ నేల కేసి చూశారు. ఆమె నడిచి వెళ్లిన మేరా, నడిచి వచ్చిన మేరా పిండి చల్లినది చల్లినట్టే ఉంది.

జోగారావు కూడా చూశాడు. చూసి నేల మీద కూలబడ్డాడు.

"రత్నం, ఎగరవే. రికార్డు పోతే పోయింది. ఒక్కసారి ఎగరవే" అని ఏడ్చాడు.

ఆమెకి కోపం రాలేదు. వంగి తన పాదాల కేసి చాలాసేపు చూసుకుంది. ఏ కూర వండమంటారని అడిగినంత మామూలుగా అడిగింది.

"ఏ కాళ్లతోటండీ?"

కామయ్య గారు కథ ఆపారు. శంభుమూర్తి ముందుకి జరిగాడు.

"తరవాత ఏమైందండీ?" అన్నాడు.

"నేను ఇల్లు ఖాళీ చేసి వచ్చేశాను. ఆ రికార్డు మీద మాత్రం ఇప్పటికీ ఒక్క గీత పడలేదట."

శంభుమూర్తి గబగబా లేచి చెప్పులు వేసుకున్నాడు. వెళ్లేవాణ్ణి వెనక్కి పిలవడం కామయ్య గారి ఇంటా వంటా లేదు. ఆవేళ పిలిచారు.

"ఏమోయ్, మీ ఇంట్లో ముగ్గుపిండి ఉందా?"