లక్కతో మూసిన కొమ్ములు

“కోపం పోయింది గురువుగారూ. అయినా అన్నయ్యను చూడడానికి వెళ్లాలా?” అని పైడయ్య అడిగాడు. కొమ్ములతో దువ్వెనలూ పక్షి బొమ్మలూ చేసే కామోజాచారి దగ్గర అతడు చాలాకాలంగా పని నేర్చుకుంటున్నాడు. పొలం గట్టు తగువుతో విడిపోయిన అన్న ఇప్పుడు మంచం పట్టి, ఒక్కసారి రమ్మని కబురంపాడు. “ఆయన మాట ఎత్తడమే మానేశాను. లోపల ఏమీ లేదు. ఇప్పుడు వెళ్లి పాతవన్నీ కెలుక్కోవడం ఎందుకు?”

అడిగిన వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు ఆచారి. ఆ రోజు అసలే అలసి ఉన్నాడు. కళ్లజోడు తీసి కళ్లు నులుముకుని, వానలకు ముందు అటక మీద పెట్టిన దున్నపోతు కొమ్ములను దించమన్నాడు.

వాటిని దాచినవాడు పైడయ్యే. పైన వేపనూనె పట్టించాడు, గుడ్డ చుట్టాడు, పురుగు దూరకుండా మొదళ్లను లక్కతో మూశాడు. గుడ్డ విప్పితే రెండూ నల్లగా నిగనిగలాడాయి.

“పెళ్లికొడుకుల్లా ముస్తాబు చేశావే!” అంటూ ఆచారి ఒకదాన్ని నేలకు తట్టాడు. లక్క ఊడింది. వెనకే పిండిలాంటి పొడి రాలింది. అందులో పురుగులు మెల్లగా కదులుతున్నాయి. బొటనవేలితో నొక్కితే పైపెచ్చు విరిగి ఎముక బయటపడింది. రెండోదీ అంతే. ఇక వాటితో ఒక్క దువ్వెన కూడా కాదు.

“ఇంత కట్టుదిట్టం చేస్తే పురుగు ఎటునుంచి వచ్చిందండీ?”

“రాలేదురా. లోపలే ఉంది. నానబెట్టావా?”

పైడయ్య తల దించుకున్నాడు. కొమ్ములను తొట్టిలో నానబెట్టి, లోపలి ఎముకకు అంటిన మాంసం కుళ్లేదాకా ఉంచి, ఎముకతో సహా లాగెయ్యాలి. అది తెలియక కాదు. “ఆ కంపు భరించలేకపోయానండీ. పైకి ఎండినట్టే ఉన్నాయి. మూసేశాను.”

ఆ గొంతులో సంజాయిషీ కన్నా అలసటే ఎక్కువగా వినిపించింది. బహుశా అందుకే ఆచారి మందలించలేదు. మూలనున్న కొత్త కొమ్ముల జతను తానే తెచ్చి తొట్టిలో వేశాడు. పక్కనే పీట వాల్చుకుని, నడుం పట్టుకుంటూ కూర్చున్నాడు.

“ఈ కంపు దగ్గర నేను కూర్చుంటాను,” అన్నాడు. “నువ్వు మీ అన్న దగ్గరికి వెళ్లు.”